విన్న ప్రసంగాన్ని వాక్యంతో సరిచూసుకోవడం ఎలా

అందరికీ వందనాలు. ఈ మధ్య పాలమూరు వైపైనా నల్లగొండ వైపైనా ఏ విశ్వాసి ఇంటికి పోయినా ఫోన్‌లో ఎవరో ఒక బోధకుడి గొంతు వినిపిస్తూనే ఉంటుంది. పొద్దున పత్తి చేనుకు పోయే అక్క ఒకాయన్ని వింటుంది, సాయంత్రం వంట దగ్గర ఇంకొకాయన, ఆదివారం చర్చిలో సొంత పాస్టర్ గారు, ఇవి చాలవన్నట్టు పంట చేతికొచ్చాక ఊరి బయట షామియానా వేసి మూడు రోజుల స్వస్థత సభలు. వీళ్లంతా ఒకే బైబిల్ పట్టుకుంటారు గానీ ఒకే మాట చెప్పరు. అప్పుడు ఎవరి మాట నిలబెట్టుకోవాలి? "మా అయ్యగారు చెప్పారు" అంటే సరిపోదు. "ఆయనకు లక్షల మంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారు" అంటే అసలే సరిపోదు.

ముందు ఒక భయం తీసేసుకోవాలి. బోధను పరీక్షిస్తే దైవసేవకుణ్ణి అవమానించినట్టు అవుతుందని చాలామందికి లోపల ఒక గుబులు ఉంటుంది. అపొస్తలుల కార్యములు 17:11 తీయండి. బెరయ వాళ్లు పౌలు చెప్పింది ఆసక్తిగా విన్నారు, విని ఊరుకోకుండా రోజూ లేఖనాలు తీసి అది నిజమో కాదో చూసుకున్నారు. దానికి వాళ్లను లూకా మెచ్చుకుంటూ రాశాడు. పౌలునే సరిచూశారంటే మన మండలంలో ఏ బోధకుడికీ మినహాయింపు లేదన్నమాట.

"అభిషిక్తుణ్ణి ముట్టకూడదు" అనే మాట అడ్డం వేస్తారు కదా, అది కీర్తన 105లోది. ఆ చోట అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులు పరాయి దేశంలో తిరుగుతున్నప్పుడు రాజులు వాళ్లకు హాని చేయకుండా దేవుడు ఆపిన సంగతి ఉంది, ప్రశ్నలు అడగొద్దనే ఆజ్ఞ ఎక్కడా లేదు. రాజైన సౌలు అభిషిక్తుడని దావీదు అతన్ని చంపనన్న మాట కూడా చెబుతారు, మరి అదే అధ్యాయంలో (1 సమూయేలు 24) గుహలోంచి బయటికి వచ్చి అందరూ వింటుండగా సౌలు చేసేది తప్పని దావీదే నిలదీశాడు, ఆ సగం మాత్రం చదవరు.

ఇక పని మొదలుపెడదాం. ప్రసంగం వినేటప్పుడు దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టుకుని బోధకుడు చెప్పిన వచనం నంబరు రాసుకోండి, కథలూ జోకులూ రాయకండి. గంట సేపు మాట్లాడి ఒక్క వచనం కూడా చెప్పకపోతే అదే మీకు దొరికిన మొదటి సమాచారం. ఇంటికొచ్చాక ఆ వచనం ఒక్కటే కాకుండా ఆ అధ్యాయం మొత్తం, వీలైతే దాని ముందుదీ తర్వాతదీ చదవండి. ఈ మాట ఎవరు ఎవరితో అన్నారు, అప్పుడు వాళ్లు ఏ పరిస్థితిలో ఉన్నారు, ఆ మాట విన్నాక ఏం చేశారు, ఇవి మూడూ తెలిస్తే చాలు, గ్రీకు హెబ్రీ రావాల్సిన పనిలేదు. చదువు రాని అవ్వలకు ఆడియో బైబిల్ ఉంది, లేదంటే ఇంట్లో ఏడో తరగతి చదివే మనవరాలిని కూర్చోబెట్టి చదివించుకోండి, పిల్లకూ మంచిదే.

దీన్ని వాగ్దానం కార్డు మీద పెట్టి చూద్దాం. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో మనందరం ఒక కార్డు తీసుకుంటాం, ఏడాదంతా గోడకు అంటించుకుంటాం. అందులో ఎక్కువగా వచ్చేది యిర్మీయా 29:11, దేవుడి ఉద్దేశాలు మేలు కోసమే గాని హాని కోసం కావనే మాట. దీని మీద వచ్చే ప్రసంగం కూడా తెలిసిందే, ఈ ఏడాది నీకు ఇల్లు, ఉద్యోగం, వీసా. ఇప్పుడు 28వ అధ్యాయం నుంచి చదవండి. హనన్యా అనే ప్రవక్త గుడిలో జనం ముందు నిలబడి, రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుంది, పట్టుకుపోయిన సామానంతా తిరిగొస్తుంది అని చెప్పాడు, బబులోనుకు లోబడాలని గుర్తుగా యిర్మీయా మెడ మీద పెట్టుకున్న కాడి తీసి విరగ్గొట్టి మరీ చూపించాడు. జనానికి ఎంత ఇష్టమై ఉంటుందో ఆలోచించండి! దేవుడు మాత్రం హనన్యాను నేను పంపలేదన్నాడు, ఆ ఏడాదే అతను చనిపోయాడు.

ఆ తర్వాత యిర్మీయా బబులోను చెరలో ఉన్నవాళ్లకు ఉత్తరం రాశాడు: ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి, మిమ్మల్ని వెనక్కి తెచ్చేది డెబ్బై ఏళ్లు నిండాక. పదకొండో వచనం వచ్చేది దీని తర్వాతే. ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది ఆ తిరిగి రావడం కళ్లతో చూసి ఉండరు. అయినా అది మంచి వాగ్దానమే, నన్నడిగితే వీసా ప్రసంగం కంటే చాలా గట్టిది. బొంబాయిలోనో పూణేలోనో రేకుల షెడ్డులో ఉండి భవనాలు కట్టే మన పాలమూరు కూలీలకు దేవుడు చెప్పే మాట ఇందులో సూటిగా ఉంది, ఊరికి ఎప్పుడు పోతామో తెలియకపోయినా ఉన్నచోట నమ్మకంగా బతకమని. కార్డు పడేయమని నేను చెప్పను. కార్డు వెనకాల అధ్యాయం నంబరు రాసుకుని జనవరి మొదటి వారంలోనే అది పూర్తిగా చదవమంటాను.

స్వస్థత సంగతి దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు బోధ ప్రాణం మీదికి తెస్తుంది. దేవుడు స్వస్థపరుస్తాడు, అందులో నాకు అనుమానం లేదు, మా ఇంట్లో జబ్బు వస్తే మేమూ ముందు ప్రార్థనే చేస్తాం. కానీ "నీకు బాగుకాలేదంటే నీ విశ్వాసం చాలలేదు", "నీ ఇంట్లో ఏదో దాచిన పాపం ఉంది" అనే మాట మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయిన మనిషితో అంటే ఎంత క్రూరంగా ఉంటుందో చూడండి. ఆ మనిషి నడుము వంగింది బోరు నీళ్ల వల్ల. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటకూడదు, అక్కడ రాతి పొరల్లోంచి వచ్చే భూగర్భ జలంలో అంతకు మించి ఉంది, చిన్నప్పటి నుంచి అవే తాగిన పిల్లల పళ్లు గారకట్టాయి, కీళ్లు బిగుసుకుపోయాయి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఇదే ప్రశ్న అడిగారు, పాపం ఇతనిదా తల్లిదండ్రులదా అని. యేసు ప్రభువు ఇద్దరిదీ కాదన్నాడు (యోహాను 9:3). యోబు కష్టాలకు అతని పాపమే కారణమన్న స్నేహితుల మీద దేవుడు చివరికి కోప్పడ్డాడు కూడా.

పౌలు విశ్వాసం తక్కువని ఎవరైనా అంటారా? ఆయన త్రోఫిమును మిలేతులో జబ్బుతోనే వదిలి వచ్చాడు (2 తిమోతి 4:20), తిమోతిని కడుపు బాధకూ తరచుగా వచ్చే బలహీనతకూ కొంచెం ద్రాక్షారసం తీసుకోమన్నాడు, తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు, "నా కృప నీకు చాలు" అనే జవాబు వచ్చింది. లూకా వైద్యుడు. మన దగ్గరికి సువార్త తెచ్చిన మిషనరీలు ప్రార్థన చేశారు, దేవరకొండలో, జడ్చర్లలో ఆసుపత్రులూ పెట్టారు. ప్రార్థనకూ మందుకూ వాళ్లు తగాదా పెట్టలేదు.

కాబట్టి ఇది గట్టిగా పాటించండి: సభలో స్వస్థత వచ్చిందనిపించినా మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, డాక్టర్ పరీక్ష చేసి ఆపమన్నాకే ఆపండి. టీబీ మందులు మధ్యలో మానేస్తే జబ్బు మొండికేసి ఆ మందులకే లొంగకుండా పోతుంది, షుగర్‌కు ఇన్సులిన్ వాడేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం పోవచ్చు. ఇది అవిశ్వాసం అని ఎవరైనా అంటే లూకా 17:14 చూపించండి, పదిమంది కుష్ఠరోగులను యేసు ప్రభువే యాజకులకు కనబరచుకోమని పంపాడు, ఆ రోజుల్లో చర్మాన్ని పరీక్ష చేసి బాగైందని చెప్పాల్సింది యాజకులే. నిజంగా బాగైతే రిపోర్టులో కనిపిస్తుంది, రిపోర్టు చూసి భయపడే స్వస్థతను సాక్ష్యంగా చెప్పొద్దు.

నూనె గురించి కూడా ఒక మాట. యాకోబు 5:14లో జబ్బుపడ్డవాడు సంఘ పెద్దలను పిలిపిస్తే వాళ్లు వచ్చి నూనె రాసి ప్రార్థన చేస్తారు. సీసాకు రేటు పెట్టి అమ్మడం ఆ వచనంలో లేదు. కుష్ఠు బాగైన నయమాను ఇచ్చిన కానుక ప్రవక్త ఎలీషా ముట్టలేదు, వెనకాల పరుగెత్తి తెచ్చుకున్న అతని సేవకుడు గేహజీకి ఏమైందో 2 రాజులు 5 చివర్లో ఉంది.

డబ్బు దగ్గరికి వచ్చాం కాబట్టి అదీ చూద్దాం. విత్తనపు కానుక వెయ్యి, పదివేలు వేస్తే నూరంతలు వస్తుందనే బోధ వింటే మార్కు 4 తీయండి, అక్కడ విత్తనం అంటే వాక్యమని యేసు ప్రభువే వివరించాడు, నోట్ల కట్ట అని కాదు. ఇవ్వడం గురించి వివరంగా ఉన్నది 2 కొరింథీ 8, 9 అధ్యాయాల్లో. సణుక్కోకుండా, ఎవరి బలవంతమూ లేకుండా, ఎవరి మనసులో నిశ్చయించుకున్నంత వాళ్లు ఇవ్వాలి, లేనిదాన్ని బట్టి కాదు ఉన్నదాన్ని బట్టి. మిత్తికి తెచ్చి కానుక వేయమనేవాళ్లకు ఇది చదివి వినిపించండి. అదే చోట 8:20, 21 కూడా చూడండి, కానుక డబ్బు విషయంలో ఎవరూ వేలెత్తి చూపకుండా పౌలు తీతుతో పాటు సంఘాలు ఎంచుకున్న మనుషుల్ని పంపించాడు. అంటే లెక్కలు చూపించమని అడగడం వాక్యంలో ఉన్నదే. దశమభాగం గురించి మలాకీ 3 ఎంత గట్టిగా చెబుతారో, మూడేళ్లకోసారి ఆ భాగం లేవీయుడితో పాటు పరదేశికీ, అనాథకూ, విధవరాలికీ పోవాలన్న ద్వితీయోపదేశకాండము 14:28, 29 కూడా అంతే గట్టిగా చెప్పాలి కదా. మీ సంఘంలో విధవరాళ్లకు ఏం అందుతోందో ఒకసారి చూసుకోండి.

ప్రవచనాలకు ఎక్కువ మాటలు అక్కర్లేదు. జరగకపోతే అది దేవుడు చెప్పింది కాదు (ద్వితీయోపదేశకాండము 18:22), జరిగినా సరే వేరే దేవుళ్ల వెంట నడిపిస్తే వినొద్దు (13వ అధ్యాయం). "ఫలానా అబ్బాయినే చేసుకో అని దేవుడు నాకు చూపించాడు" అని ఎవరైనా అంటే, ఆ అమ్మాయికి కూడా దేవుడు చెప్పాలి కదా అనండి.

ఇప్పటిదాకా చెప్పింది వినడం గురించి, బతకడం దగ్గర మనకు ఎక్కువ టెన్షన్ తెచ్చేది చుట్టాలింటి భోజనం. బోనాలకో, కురుమూర్తి జాతరకో, సూర్యాపేట దగ్గర పెద్దగట్టు జాతరకో మేనమామ యాట కోసి పిలుస్తాడు. పోకపోతే బంధుత్వం చెడుతుంది, పోతే సంఘంలో మాట వస్తుంది. 1 కొరింథీ 10:25 నుంచి చదివితే పౌలు దాదాపు ఇదే చెప్పినట్టుంటుంది. పిలిస్తే వెళ్లు, పెట్టింది ఆరా తీయకుండా తిను, ఇది దేవతకు ఇచ్చింది అని ఎవరైనా చెబితే ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినకు. జాతర యాటను ఎవరికి కోశారో అడగకుండానే అందరికీ తెలుసు కాబట్టి నా వరకు ఆ కూర తినను. అయితే మామ ఇంటికి పోతాను, పప్పో పచ్చిపులుసో పోసుకుని తింటాను, "మామా, నీ మీద కోపం కాదు, నేను ప్రభువుకు ఇచ్చిన మాట" అని నెమ్మదిగా చెబుతాను. మామూలు రోజుల్లో పిలిస్తే మాంసం ఎక్కడిదని అడగను. ఇంకో విశ్వాసి ఇంకోలా చేస్తే రోమా 14 చదివాకే అతని గురించి మాట్లాడండి.

కులం సంగతి ఇంకా సూటిగా ఉంది. సువార్త విని పక్కపక్కన కూర్చుని, పెళ్లిసంబంధం దగ్గర మాత్రం మాలా మాదిగా అని లెక్క చూసుకునే సంఘానికి గలతీ 2:11 నుంచి 14 వరకు చదివి వినిపించాలి. యూదులు వచ్చేసరికి అన్యజనులతో కలిసి తినడం మానేసిన పేతురును పౌలు అందరి ముందూ ఎదిరించాడు, అది సువార్త సత్యానికి తప్పిన నడక అన్నాడు. సిద్ధాంతంలో తప్పు ఒక్కటీ లేకపోయినా బోధ చెడిపోవచ్చని చెప్పడానికి ఇంతకంటే వేరే వచనం వెతకక్కర్లేదు.

సరిచూశాక మీ పాస్టర్ గారి మాట వాక్యంతో కలవలేదనిపిస్తే ఏం చేయాలి? వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, ఆదివారం అందరి ముందు లేచి అడగకండి. సోమవారమో మంగళవారమో ఆయన ఇంటికి వెళ్లి, బైబిల్ తెరిచి, "అయ్యగారూ, మీరు ఈ వచనం చెప్పారు, పైన ఇలా ఉంది, నాకు అర్థం కాలేదు, కొంచెం వివరించండి" అని అడగండి. నిజంగానే మీకు అర్థం కాకపోయి ఉండొచ్చు, చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. మంచి పాస్టర్ అయితే చాయ్ పెట్టించి కూర్చోబెట్టి మాట్లాడతాడు, మా చుట్టుపక్కల ఊళ్లలో అలాంటి వాళ్లే ఎక్కువ, జీతం సరిగ్గా అందకపోయినా మోటార్ సైకిల్ మీద నాలుగు ఊళ్లు తిరిగి సంఘాలు చూసుకునేవాళ్లు. కసురుకుంటే ఒకరిద్దరు సంఘ పెద్దలను తీసుకుని మళ్లీ వెళ్లండి. డబ్బు, ఆడవాళ్ల విషయంలో ఫిర్యాదైతే 1 తిమోతి 5:19, 20 ప్రకారం ఇద్దరు ముగ్గురు సాక్షులతో పెద్దల దగ్గర పెట్టాలి, నిజమని తేలితే అందరి ముందే గద్దించాలి. నేరం జరిగి ఉంటే, ముఖ్యంగా పిల్లల విషయంలో, సంఘంలో పంచాయితీ పెట్టుకుంటూ కూర్చోకుండా నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి.