మిద్దె మీద నారు – 4వ పాఠం: ఇంటి మట్టిలో నారుకుళ్ళు తెగులు

కిందటి పాఠంలో ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, ఇసుక కలిపి నారు కోసం మట్టిని సిద్ధం చేసుకున్నాం. ఆ మట్టిని ట్రేలలో నింపి విత్తనం వేసే ముందు ఈ పాఠం చదవండి. ఇంట్లో కలుపుకున్న మట్టిలో నారు పోసేవారికి ఎక్కువ నష్టం చేసేది నారుకుళ్ళు తెగులు. దీని విషయంలో మొదటే గుర్తుంచుకోవలసింది ఒకటి ఉంది: ఒకసారి ఒరిగిన మొలకను ఏ మందూ మళ్ళీ నిలబెట్టలేదు. అందువల్ల ఈ పాఠంలో ఎక్కువ భాగం విత్తకముందు చేయవలసిన పనుల గురించే ఉంటుంది.

తెగులు ఎలా కనిపిస్తుందో నా మిద్దె మీద జరిగిన ఒక నష్టంతో చెబుతాను. ఒక జూన్ నెలలో మిరప నారు పోశాను. మొలకలు రెండాకుల దశలో ఉండగా ఒకనాటి ఉదయం ట్రే మూలన నాలుగు మొక్కలు పక్కకు వాలి కనిపించాయి. ఆకులు మాత్రం పచ్చగానే ఉన్నాయి, వడలిన గుర్తు లేదు. ఒకదాన్ని గోటితో పట్టుకుని దగ్గరగా చూస్తే, మట్టికి ఆనుకున్న చోట కాడ నానిన దారంలా సన్నబడి, గోధుమ రంగుకు తిరిగి ఉంది. మెల్లగా లాగితే వేరు పైపొర మట్టిలోనే ఉండిపోయి, లోపలి ఈనె ఒక్కటే వెంట్రుకలా ఊడి వచ్చింది. మర్నాటి సాయంత్రానికి ఆ మూలన అరచేతి వెడల్పున గుండ్రంగా ఖాళీ ఏర్పడింది, మూడో రోజుకు సగం ట్రే పోయింది. వంటింటి చెత్తతో చేసిన, ఇంకా పూర్తిగా మాగని కంపోస్టును అందులో కలిపాను. ఎండకు మొలకలు తాళవేమోనన్న భయంతో రోజుకు మూడుసార్లు నీళ్ళు పోశాను. ఆ రెండు పొరపాట్లూ కలిసి తెగులుకు కావలసినవన్నీ సమకూర్చాయి.

నారుకుళ్ళుకు కారణం ఒక్క జీవి కాదు. పిథియం, ఫైటాప్తోరా, రైజోక్టోనియా, కొన్నిసార్లు ఫ్యుజేరియం కూడా ఇందుకు కారణమవుతాయి. వీటిలో మన వాతావరణంలో తరచుగా కనిపించే పిథియం అసలు శిలీంధ్రాల జాతికి చెందినదే కాదు, అది నీటి బూజుల కుటుంబానిది. దాని బీజాలకు తోకల వంటి పోగులు ఉంటాయి. మట్టి రేణువుల మధ్య నిలిచిన నీటిపొరలో అవి ఈదుతూ, మొలకెత్తుతున్న విత్తనం విడిచే చక్కెరల జాడ పట్టుకుని వేరును చేరుకుంటాయి. నీరు నిలవని మట్టిలో ఆ ఈతకు దారి దొరకదు. నీళ్ళ విషయంలో ఈ పాఠం ఇంతగా పట్టుబట్టడానికి కారణం అదే. రైజోక్టోనియాకు అంత తడి అవసరం లేదు, అది కుళ్ళీ కుళ్ళని చెత్తను పట్టుకుని బతుకుతుంది. కాబట్టి మాగని కంపోస్టు వాడితే దానికి తిండి పెట్టినట్టే.

తెగులు రెండు దశల్లో వస్తుంది. మొలక పైకి రాకముందే విత్తనం మట్టిలో కుళ్ళిపోవడం మొదటిది. దీన్ని గుర్తించక చాలామంది విత్తనం మంచిది కాదని అమ్మినవారిని తప్పు పడతారు. పది రోజులు దాటినా మొలకలు అక్కడక్కడే వస్తే, ఒకచోట మట్టి తవ్వి విత్తనాన్ని వేళ్ళతో నొక్కి చూడండి. మెత్తగా జారిపోతే అది కుళ్ళు. రెండో దశ పైన చెప్పినట్టు మొలకలు వాలిపోవడం. అయితే వాలిన ప్రతి మొక్కా తెగులు సోకినది కాదు. వెలుతురు చాలక సాగిన మొక్క కూడా వాలుతుంది, కానీ దాని కాడ మొదలు దగ్గర తెల్లగా, గట్టిగా ఉంటుంది. పురుగు కొరికిన మొక్కకు మొదలు దగ్గర కత్తిరించినట్టు గాయం కనిపిస్తుంది. నారుకుళ్ళులో ఆ చోట నీరు పట్టినట్టు ఉండి, నొక్కుకుపోతుంది.

ఇక మట్టి సంగతి. ఈ తెగులు కారకాలు మట్టిలో, పాత కుండీల అంచుల్లో, కిందటి సంవత్సరపు వేర్ల ముక్కల్లో నెలల తరబడి దాగి ఉంటాయి. వాటిని తగ్గించడానికి మనకు అందుబాటులో ఉన్న మంచి సాధనం ఎండ. ఏప్రిల్, మే నెలల్లో మట్టిని బాగా తడిపి, మిద్దె మీద నాలుగు నుంచి ఆరు అంగుళాల మందంలో పరిచి, పైన పారదర్శకమైన పలుచని పాలిథిన్ పట్టా కప్పి, అంచులన్నీ మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు వదలాలి. ఇక్కడ చాలామంది నల్ల పట్టా వాడి పొరబడతారు. నల్ల పట్టా తానే వేడెక్కుతుంది గానీ ఎండను లోపలికి పోనివ్వదు. పొడి మట్టిలో కూడా ఫలితం తక్కువ, ఎందుకంటే తడి ఉంటేనే వేడి లోతుకు దిగుతుంది. గోదావరి జిల్లాల పొగాకు నారుమళ్ళలో విత్తేముందు మడి మీద ఊక పోసి నెమ్మదిగా కాల్చే అలవాటు వెనక ఉన్న సూత్రమూ ఇదే.

వేసవి దాటిపోయినవారు కొద్దిపాటి మట్టిని ఆవిరి మీద శుద్ధి చేసుకోవచ్చు. వంటకు వాడని పాత ఇడ్లీ పాత్రలో, తడి మట్టిని పలుచని గుడ్డలో మూటగట్టి పెట్టి, మూట నడిమి భాగం 70 డిగ్రీల సెల్సియస్‌కు చేరాక మంట బాగా తగ్గించి అరగంట ఉంచితే చాలు. 82 డిగ్రీలు దాటితే మేలు కన్నా కీడే ఎక్కువ. ఆ వేడికి మట్టిలోని మాంగనీసు, ఎరువులోని అమ్మోనియా మొలకలకు హాని చేసే స్థాయిలో విడుదల కావచ్చు. అందుకే కిందటి పాఠంలో ఎరువుతో కలిపినదాన్ని కాకుండా, ఎరువు కలపని మట్టిని, ఇసుకను మాత్రమే ఆవిరి పట్టాలి.

వేడి చేసి వదిలేస్తే పని పూర్తయినట్టు కాదు. ఈ మాట నేను కావాలనే గట్టిగా చెబుతున్నాను. శుద్ధి చేసిన మట్టిలో చెడ్డ జీవులతో పాటు వాటిని అదుపులో ఉంచే మంచివి కూడా పోతాయి. ఖాళీగా ఉన్న ఆ మట్టిలోకి మురికి చేతి నుంచో, పాత కుండీ నుంచో పిథియం కొద్దిగా చేరినా, ఎదురులేక మామూలు మట్టిలో కంటే వేగంగా పాకుతుంది. కాబట్టి చల్లారిన మట్టిలో మళ్ళీ ప్రాణం పోయాలి. తొమ్మిది కిలోల చివికిన పశువుల ఎరువు, ఒక కిలో వేపపిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (తెగులు కారకాలను అణచే మేలు చేసే శిలీంధ్రం) పొడి కలిపి, పిడికిట పట్టి పిండితే నీరు కారనంత తడి ఉంచి, నీడలో గోనెసంచి కప్పి, నాలుగు రోజులకొకసారి తిరగేస్తూ రెండు వారాలు మాగనివ్వాలి. పైన తెల్లగా, తర్వాత ఆకుపచ్చగా బూజు పరచుకుంటే అది ట్రైకోడెర్మా పెరిగిన గుర్తు, భయపడి పారేయకండి. ఈ ఎరువును శుద్ధి చేసిన మట్టికి నాలుగో వంతు కలిపితే సరిపోతుంది. ఎక్కువ వేస్తే నత్రజని మితిమీరి మొలకలు లేతగా, నీరుకట్టి పెరుగుతాయి. అటువంటి కాడ తెగులుకు సులువుగా లొంగుతుంది.

పాత ట్రేలను సబ్బుతో రుద్ది కడిగి, తొమ్మిది పాళ్ళ నీటికి ఒక పాలు బ్లీచింగు ద్రావణం కలిపి పది నిమిషాలు ముంచి, కడిగి ఎండబెట్టాలి. ప్యాకెట్టు విత్తనాలు గులాబీ రంగులోనో నీలం రంగులోనో ఉంటే వాటికి ముందే మందు పట్టించారని అర్థం. వాటిని ఒట్టి చేతులతో తాకవద్దు, మళ్ళీ శుద్ధి చేయనూ వద్దు. ఇంట్లో తీసిన విత్తనమైతే కిలోకు 10 గ్రాముల ట్రైకోడెర్మా లెక్క. మనం వాడే చిన్న పొట్లానికి చిటికెడు పొడి, రెండు చుక్కల గంజి చాలు. విత్తనాన్ని అర సెంటీమీటరు లోతుకు మించి పూడ్చకండి, ఒత్తుగా చల్లకండి. లోతుగా వేస్తే మొలక ఎక్కువ రోజులు మట్టిలోనే ఉంటుంది, ఒత్తుగా వేస్తే కాడల మధ్య గాలి ఆడదు. ప్రోట్రేలో, అంటే విడివిడి గుంటలున్న నారు ట్రేలో, గుంటకొక విత్తనం వేయడం నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి. ఒక గుంటలో తెగులు వచ్చినా పక్క గుంటకు పాకడం కష్టం.

నీళ్ళు ఉదయమే పోయాలి, సాయంత్రానికి పైమట్టి ఆరాలి. వేలి కొన మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ పూట పోయవద్దు. ట్రేను పళ్ళెంలోని నీటిలో పావుగంట ఉంచి కింది నుంచి పీల్చనివ్వడం మంచిది, కానీ ఆ తర్వాత పళ్ళెంలో నీరు మిగలనివ్వకండి. వానాకాలంలో ట్రేను ఆరుబయట వదలక, వెలుతురు, గాలి తగిలే చూరు కిందకు మార్చాలి.

ఇంత చేసినా ఒక మొక్క వాలితే, అదే గంటలో పని మొదలుపెట్టండి. వాలిన మొక్కలను, వాటి చుట్టూ రెండు వేళ్ళ వెడల్పున ఆరోగ్యంగా కనిపిస్తున్న మొక్కలను కూడా మట్టితో సహా చెంచాతో తవ్వి తీసి, కంపోస్టులో వేయకుండా మూటగట్టి చెత్తలో పారేయాలి. బాగున్న మొక్కలను తీయడానికి మనసు ఒప్పదని నాకు తెలుసు, అయినా తెగులు కంటికి కనిపించే హద్దు దాటి అప్పటికే పాకి ఉంటుంది. నీళ్ళు ఆపి గాలి తగలనివ్వండి. తర్వాత లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు కలిపి, ఆకుల మీద కాకుండా మొదళ్ళ దగ్గర మట్టి తడిసేలా పోయాలి. మిరప నారుమళ్ళలో రైతులు తెగులు కనిపించకముందే, విత్తిన 9వ రోజున, 13వ రోజున ఇదే మందుతో మడి తడుపుతారు. చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి, ఆ పాత్రను మళ్ళీ ఇంటి పనికి వాడకూడదు. రాగి మందు ట్రైకోడెర్మాను కూడా దెబ్బతీస్తుంది గనుక ఈ రెంటి మధ్య కనీసం పదిహేను రోజుల ఎడం ఉంచండి. పసుపు, బూడిద చల్లి చూశాను. పైమట్టి కాస్త ఆరింది గానీ తెగులు ఆగలేదు, ఆ లోగా విలువైన రెండు రోజులు పోయాయి.

కాడ గట్టిపడి, నాలుగు నిజమైన ఆకులు వచ్చేవరకు ఈ జాగ్రత్తలన్నీ పాటించాలి, ఆ తర్వాత ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. వచ్చే పాఠానికి ముందు ఒక అభ్యాసం చేయండి. ఒకే మట్టితో రెండు చిన్న కుండీలు నింపి, ఒకదానికి వేలితో చూసి, మరొకదానికి రోజూ తప్పకుండా నీళ్ళు పోస్తూ, ఒక్కోదానిలో ఇరవై టమాట విత్తనాలు వేసి, మొలిచినవెన్నో, పదిహేనో రోజుకు నిలిచినవెన్నో రాసి ఉంచండి. 5వ పాఠంలో నారు పీకి కుండీలోకి మార్చేటప్పుడు ఆ లెక్క మనకు అవసరమవుతుంది.