వర్ల్‌పూల్ బాత్: నీళ్లలో కాలు పెట్టి కూర్చుంటే సరిపోదు

సిమెంటు కట్టు విప్పిన మర్నాడు చీలమండ ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. పాదం పైకి లేవదు, కిందికి వంగదు, పిక్క చూస్తే సన్నబడిపోయి ఉంటుంది. అప్పుడు ఫిజియోథెరపిస్టు వర్ల్‌పూల్ బాత్, అంటే మోటారుతో నీళ్లు సుడి తిరిగే టబ్‌లో కాలో చేయో పెట్టి చేసే చికిత్స, చెప్తే చాలామంది హాయిగా ఓ ఇరవై నిమిషాలు వేడినీళ్లలో కాలు పెట్టుకుని ఫోన్ చూసుకోవచ్చనుకుంటారు. నీళ్లు చేసేది కీలును మెత్తబరచడం వరకే. మెత్తబడిన కీలును కదిపే పని మాత్రం మీదే, అది చేయకపోతే ఎన్ని సిట్టింగులు తీసుకున్నా దండగే.

మామూలు బకెట్ నీళ్లకీ దీనికీ తేడా ఏంటంటే, కదలని నీళ్లలో చర్మానికి ఆనుకున్న పలుచని పొర కాసేపటికే చల్లబడి ఒంటి వేడికి వచ్చేస్తుంది, ఇక్కడ మోటారు నీళ్లను గాలితో కలిపి సుడి తిప్పుతూ ఉంటుంది కాబట్టి ఎప్పటికప్పుడు కొత్త వేడి తగులుతూనే ఉంటుంది. ఆ వేడికి రక్తనాళాలు వెడల్పవుతాయి, పట్టేసిన కండరం వదులవుతుంది, కీలు చుట్టూ బిగుసుకున్న కణజాలం కాస్త సాగడానికి ఒప్పుకుంటుంది. పైగా నీళ్లలో కాలి బరువు తేలిపోతుంది. బయట లేవని పాదం లోపల లేస్తుంది.

టబ్ దగ్గరికి వెళ్లే ముందు ఎవరికి వద్దో చూసుకోండి. జ్వరం, చర్మం మీద ఇన్‌ఫెక్షన్, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టిందన్న అనుమానం, అదుపులో లేని బీపీ, గుండె వైఫల్యం ఉంటే డాక్టర్ చెప్పకుండా దిగొద్దు. గర్భిణులు ఒళ్లంతా మునిగే వేడినీళ్ల జోలికి వెళ్లకూడదు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే వాళ్లకు నీళ్లు కాలుతున్నా తెలియదు, బొబ్బ లేచాకే తెలుస్తుంది. బెణికి ఇంకా రెండు మూడు రోజులు కూడా కాలేదా, చీలమండ వేడిగా, ఉబ్బి ఉందా, అయితే వేడినీళ్లు అసలు వద్దు, వాపు ఇంకా పెరుగుతుంది.

ఇక నీళ్ల వేడి. చేత్తో చూసి సరిపోతుందనుకోకండి, థర్మామీటరు పెట్టండి. బిగుసుకుపోయిన మణికట్టుకో చీలమండకో 37 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య సరిపోతుంది. నడుము దాకా, ఛాతీ దాకా మునిగేటప్పుడు ఇంకాస్త తగ్గించాలి, ఒళ్లంతా వేడెక్కితే గుండె మీద భారం పడుతుంది కదా. చేయి, కాలు వరకే అయితే 15, 20 నిమిషాలు చాలు. ఎక్కువసేపు కూర్చుంటే ఎక్కువ లాభం అనేది ఇక్కడ చెల్లదు.

కాలు లోపల పెట్టాక తొడ కింద టబ్ అంచు నొక్కుకుంటోందేమో చూడండి. ఎత్తైన ట్యాంకుల్లో ఇది మామూలే, ఎవరూ పట్టించుకోరు, పది నిమిషాలకు కాలంతా తిమ్మిరెక్కి అది వేడి వల్లేననుకుంటారు. టవల్ మడిచి అంచు మీద వేయండి. చేయి పెట్టేటప్పుడు చంక కింద కూడా అంతే. మోటారు స్విచ్ మీరు ముట్టుకోవద్దు, నీళ్లలో ఉండగా అసలే వద్దు. మొదట జెట్ (నీళ్లు చిమ్మే గొట్టం) ధార నేరుగా నొప్పి ఉన్న చోట కాకుండా ట్యాంకు గోడకు తగిలేలా తిప్పమనండి, అలవాటయ్యాక దగ్గరికి తెచ్చుకోవచ్చు.

మొదటి ఐదు నిమిషాలు ఊరికే ఉండండి. తర్వాత పాదాన్ని మెల్లగా పైకి లాగి, ఒక క్షణం ఆపి, కిందికి వంచండి, పది పదిహేను సార్లు. సుడికి ఎదురుగా కదిపితే కండరానికి పని ఎక్కువ, దాంతో పాటు కదిపితే తేలిక, కాబట్టి కొత్తలో తేలిక వైపే. ఆ తర్వాత బొటనవేలితో నీళ్లలో అ ఆ ఇ ఈలు రాయండి. నవ్వొచ్చినా సరే, మన అక్షరాలన్నీ గుండ్రమే కాబట్టి చీలమండ అన్ని వైపులా తిరగడానికి ఇంతకంటే సులువైన వ్యాయామం లేదు, 'ఋ' దగ్గరికి వచ్చేసరికి కీలు ఎక్కడ పట్టేస్తోందో మీకే తెలిసిపోతుంది. లాగినట్టుంటే పర్వాలేదు. గుచ్చినట్టుంటే ఆపేయండి. మోకాలు కదలకుండా చూసుకోవాలి, లేకపోతే కాలంతా ఊగుతుంది, చీలమండ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

బయటికి వచ్చాక అసలు పని మొదలు. వేడి ఉన్న కాసేపే కణజాలం సాగుతుంది, అందుకని తుడుచుకున్న వెంటనే కాలు చాపి కూర్చుని, పాదం ముందు భాగానికి టవల్ తగిలించి మీ వైపు లాగండి, 20, 30 సెకన్లు పట్టి వదలండి, మూడు నాలుగు సార్లు. హడావుడిగా లేచి నిలబడొద్దు, బీపీ తగ్గి కళ్లు తిరుగుతాయి. ఇంకో మాట, కాలు కిందికి వేలాడదీసి వేడినీళ్లలో ఉంచితే వాపు వచ్చే అవకాశం ఉంది. దిగే ముందు, వచ్చాక చీలమండ చుట్టూ టేపుతో కొలవండి. పెరిగిందంటే కాలు ఎత్తులో పెట్టి పడుకోండి, ఫిజియోథెరపిస్టుకు చెప్పి తర్వాతిసారి వేడి తగ్గించమనండి.

చల్లని వర్ల్‌పూల్ కూడా ఉంది, సుమారు 10 నుంచి 15 డిగ్రీలు, పది నిమిషాలు. ఆటగాళ్లు వాడుతుంటారు. కదిలే నీళ్లు కాబట్టి అదే చలి బకెట్‌లో కంటే ఎక్కువ కొరుకుతుంది, సిద్ధపడి దిగండి.

పుండ్లు కడగడానికి వర్ల్‌పూల్ వాడమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఒకప్పుడు వాడేవాళ్లు, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో గాయపడిన సైనికులకు ఇలాంటి సుడి స్నానాలే చేయించారు. కానీ పుండులో ఇన్‌ఫెక్షన్ చేరే ప్రమాదం ఉందని, సుడి తాకిడికి కొత్తగా వస్తున్న కండ దెబ్బతింటుందని అమెరికన్ ఫిజికల్ థెరపీ అసోసియేషన్ 2014లోనే వద్దని చెప్పేసింది.

ఇంట్లో జకూజీ (నీళ్లు సుడి తిరిగే స్నానాల టబ్) ఉన్నవాళ్లు అదే వాడొచ్చా అంటే, వాడొచ్చు. ఆ మాటకొస్తే అది పుట్టిందే వైద్యానికి, కీళ్లవాతంతో బాధపడే కొడుకు కోసం కాండిడో జకూజీ చేసిన టబ్ పంపు 1956లో అమ్మకానికి వచ్చింది. 40 డిగ్రీలు దాటనివ్వకండి, మద్యం తాగి దిగకండి, జుట్టు పొడుగ్గా ఉంటే ముడేసుకోండి, నీళ్లు లాగే రంధ్రంలో చిక్కుకుంటుంది. నీళ్లు ప్రతిసారీ మార్చని టబ్ అయితే క్లోరిన్ కనీసం 3 పీపీఎం (పది లక్షల పాళ్ల నీళ్లలో మూడు పాళ్లు), నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలి. వేడినీళ్లలో క్లోరిన్ తొందరగా ఎగిరిపోతుంది, అది తగ్గితే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పెరిగి ఒకట్రెండు రోజుల్లో ఒంటి మీద ఎర్రటి దురద గుల్లలు లేస్తాయి. ప్రతిసారీ నీళ్లు వదిలేసే టబ్ అయినా పైపుల్లో కొంత నిలిచే ఉంటుంది, అప్పుడప్పుడు క్రిమిసంహారకం కలిపిన నీళ్లు నింపి మోటారు కాసేపు తిప్పి వదిలేయాలి. జెట్ల పైదాకా నీళ్లు లేకుండా మాత్రం మోటారు వేయకండి, కాలిపోతుంది.