లాబీలో, పార్కులో సరదా బొమ్మలు పెట్టాలంటే ఎలా?

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్‌లో 21సి మ్యూజియం హోటల్ ఉంది. 2006లో తెరిచారు. అక్కడ నాలుగడుగుల ఎర్ర ప్లాస్టిక్ పెంగ్విన్లు ఒకచోట ఉండవు. అతిథులు, సిబ్బంది వాటిని ఎత్తి చోటు మారుస్తుంటారు. పొద్దున లిఫ్ట్ దగ్గర కనిపించింది రాత్రికి మీ గది తలుపు ముందు నిలబడి ఉండొచ్చు. ఇటలీకి చెందిన క్రాకింగ్ ఆర్ట్ బృందం చేసిన బొమ్మలవి. ఈ పని మొదలుపెట్టేవాళ్లు నేర్చుకోవాల్సిందంతా వాటిలోనే ఉందని నా నమ్మకం.

మొట్టమొదట, జనం దాన్ని ముట్టుకోవచ్చా లేదా తేల్చుకోండి. మిగతావన్నీ దీని మీదే ఆధారపడతాయి. నవ్వించే బొమ్మ పెట్టి, పక్కన 'తాకరాదు' అని బోర్డు పెడితే పిల్లల మొహాలు ఎలా వాడిపోతాయో చూడలేం. ముట్టుకోవచ్చు అనుకుంటే తేలికగా, లోపల బోలుగా, పదునైన అంచులు లేకుండా, తడిగుడ్డతో తుడిస్తే శుభ్రమయ్యేలా ఉన్నదాన్ని ఎంచుకోండి. వద్దనుకుంటే చుట్టూ అడ్డంగా తాడు కట్టకండి, బొమ్మనే చేతికందని ఎత్తులో వేలాడదీయండి.

తర్వాత చోటు. ఓ గంటసేపు కూర్చుని జనం ఎటు నడుస్తున్నారో, ఎక్కడ ఆగి ఎదురుచూస్తున్నారో గమనించండి. రిసెప్షన్ దగ్గర, బస్టాపులో, లిఫ్ట్ ముందు ఊరికే నిలబడేవాళ్లకే బొమ్మ అవసరం ఎక్కువ. వీల్‌చెయిర్ దారికి, అగ్నిప్రమాదంలో బయటపడే తలుపుకి మాత్రం అడ్డు రాకూడదు.

ఆరుబయట అయితే వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోండి. విశాఖ బీచ్ రోడ్డు లాంటి చోట ఉప్పుగాలి ఇనుముని తినేస్తుంది, తుపాను గాలికి పునాది బోల్టులు గట్టిగా ఉండాలి. గోడ మీద బొమ్మలు వేయిస్తుంటే ముందు చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో పట్టుకుని ఆపాలి. లేకపోతే ఎంత మంచి రంగైనా పొరలుగా ఊడిపోతుంది.

కళాకారుడితో కాగితం మీద ఒప్పందం రాసుకోండి, బొమ్మ పక్కన కళాకారుడి పేరు తెలుగులో స్పష్టంగా పెట్టండి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఆయనకు చెప్పకుండా తీసి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు తిరిగిచ్చి, 5 లక్షల రూపాయల పరిహారం కట్టమంది. మార్చాలన్నా, తీసేయాలన్నా ముందు చేసినవాళ్లకు చెప్పాలని ఒప్పందంలోనే రాయండి.

హౌస్‌కీపింగ్ వాళ్లకూ, సెక్యూరిటీ గార్డుకూ బొమ్మ సంగతి విడమర్చి చెప్పండి. ఈ పని చాలామంది మర్చిపోతారు. పిల్లలు ఎక్కడెక్కడ తాకొచ్చో తెలియని గార్డు టెన్షన్‌తో అందరినీ కసురుతాడు.

నెల తర్వాత బొమ్మని దగ్గరగా చూడండి. ఎక్కడ రంగు అరిగిందో అక్కడే జనం చేయి వేస్తున్నారు. ఆ చోట మళ్లీ పూయడానికి అదే రంగు ఓ డబ్బా దాచిపెట్టుకోండి.