డ్యూరా మేటర్ ఫలితాల్లో కొల్లాజెన్ తక్కువగా వస్తోందా? సమస్య - పరిష్కారం

మెదడునూ వెన్నుపామునూ కప్పి ఉంచే మూడు పొరలలో వెలుపలిదైన డ్యూరా మేటర్ ప్రధానంగా ఒకటో రకం కొల్లాజెన్ పోగుల అల్లిక. అందువల్ల ప్రొటీన్లను వాటి ముక్కల బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్ ఫలితాల్లో కొల్లాజెన్ అట్టడుగున కనిపించిందంటే, కణజాలాన్ని అనుమానించే ముందు మన పనిని మనం అనుమానించుకోవాలి.

లక్షణం: జాబితా పైభాగమంతా హిమోగ్లోబిన్, అల్బుమిన్

కారణం నెత్తురే. జంతువులో గుండె ద్వారా సెలైన్ ఎక్కించి రక్తాన్ని కడిగేశాం కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. కానీ పెద్ద సిరా కుహరాలు డ్యూరా పొరల మధ్యనే ఉంటాయి. వాటిలో గడ్డకట్టిన నెత్తురు అలా పోదు. కుహరాలను చీల్చి, నీళ్ళు తేటగా వచ్చేదాకా చల్లని సెలైన్‌తో కడగండి. శవపరీక్షలో తీసిన నమూనాలకైతే ఈ కడగడం ఒక్కటే దిక్కు.

లక్షణం: పయా మేటర్ (మెదడును అంటిపెట్టుకుని ఉండే లోపలి పొర) నమూనాలో మెదడు ప్రొటీన్లు

జీఎఫ్ఏపీ, మైలిన్ బేసిక్ ప్రొటీన్ దండిగా వస్తే, మెదడు ఉపరితలం కూడా పొరతోపాటు ఊడి వచ్చిందని అర్థం. మైక్రోస్కోపు కింద మళ్ళీ ఒలవడం తప్ప దగ్గరిదారి లేదు.

లక్షణం: తక్కిన ప్రొటీన్లన్నీ బాగానే ఉన్నా కొల్లాజెన్ మాత్రం తక్కువ

ముందుగా ట్యూబు అడుగు చూడండి. ఇంత చిన్న పరీక్షను ఎందుకు దాటవేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అడ్డబంధాలతో బిగుసుకున్న కొల్లాజెన్, ప్రొటీన్లను కరిగించేందుకు వాడే యూరియాకూ ఎస్‌డీఎస్‌కూ పూర్తిగా లొంగదు. సెంట్రిఫ్యూజ్ చేశాక అడుగున మిగిలే ముద్దలోనే ఉండిపోతుంది. ఆ ముద్దను పారేయకుండా గ్వానిడిన్ హైడ్రోక్లోరైడ్‌తోనూ, అప్పటికీ కరగకపోతే హైడ్రాక్సిలమీన్‌తోనూ విడిగా కరిగించాలి.

ముద్దను కూడా కరిగించినా లెక్క మారలేదంటే, నన్ను నెలల తరబడి తిప్పలు పెట్టిన కారణం దగ్గరికి వచ్చినట్లే. నేను డ్యూరా ముక్కలను మళ్ళీ మళ్ళీ నూరుతూ కూర్చున్నాను. తప్పు బల్ల మీద కాక, ముక్కల బరువులను ప్రొటీన్ల జాబితాతో పోల్చేందుకు కంప్యూటర్‌లో పెట్టిన వెతుకులాట షరతుల్లో ఉంది.

కొల్లాజెన్ గొలుసులో ప్రతి మూడో అమైనో ఆమ్లం గ్లైసిన్. గ్లైసిన్‌తో మొదలయ్యే ఆ త్రికంలో మూడో స్థానంలో ప్రోలిన్ ఉంటే, కణం దానికి తరచుగా ఒక ఆక్సిజన్ పరమాణువును చేర్చి హైడ్రాక్సీప్రోలిన్‌గా మారుస్తుంది. దాంతో పెప్టైడ్ (ప్రొటీన్ ముక్క) బరువు 15.995 డాల్టన్లు పెరుగుతుంది. మామూలు షరతుల్లో ఆక్సీకరణను మెథియోనిన్‌కు మాత్రమే అనుమతిస్తాం కనుక, సాఫ్ట్‌వేర్ ఈ పెప్టైడ్‌లను గుర్తుపట్టలేక వదిలేస్తుంది. ఉదాహరణకు ఒకటో రకం కొల్లాజెన్‌లోని జీ-వి-క్యూ-జీ-పీ-పీ-జీ-పీ-ఏ-జీ-పీ-ఆర్ (ఒక్కో అక్షరం ఒక్కో అమైనో ఆమ్లం; జీ గ్లైసిన్, పీ ప్రోలిన్) పెప్టైడ్‌లో నాలుగు ప్రోలిన్లున్నా, మూడో స్థానంలో పడేది ఒక్కటే. రెండు ఆవేశాలతో ఇది, బరువును ఆవేశంతో భాగించిన విలువల్లో, మార్పు లేకుండా 545.29 దగ్గర, హైడ్రాక్సిల్ చేరితే 553.29 దగ్గర కనిపించాలి. ముడి డేటా తెరిచి ఈ రెండు విలువలనూ వెతకండి. 553.29 దగ్గర పెద్ద శిఖరం ఉండి, ఫలితాల పట్టికలో ఆ పెప్టైడ్ లేకపోతే దొంగ దొరికినట్లే.

పరిష్కారంగా ప్రోలిన్ ఆక్సీకరణను ఐచ్ఛిక మార్పుగా చేర్చండి. ఒకే పెప్టైడ్‌లో ఇటువంటివి మూడు నాలుగు ఉండటం సాధారణం కనుక, పెప్టైడ్‌కు అనుమతించే మార్పుల గరిష్ఠ సంఖ్యను కూడా చూసుకోండి. వెతికే పరిధి పెరిగి సమయం ఎక్కువ పడుతుంది, భరించాలి. ఇక్కడ ఇంకో గుంట ఉంది: మాక్స్‌క్వాంట్ సాఫ్ట్‌వేర్ వాడేవారు ప్రొటీన్ పరిమాణం లెక్కించేందుకు అనుమతించే మార్పుల జాబితాలోనూ దీన్ని విడిగా చేర్చాలి, లేకుంటే పెప్టైడ్ గుర్తింపు పొందినా లెక్కలోకి రాదు. అన్ని నమూనాలనూ ఒకే షరతులతో తిరిగి వెతికాకే పోల్చండి. అంతవరకు వ్యాధిగ్రస్తమైన పొరలో కొల్లాజెన్ తగ్గిందని రాయకండి. తగ్గింది కొల్లాజెన్ కాకపోవచ్చు, హైడ్రాక్సిలేషన్‌లోని తేడా అలా కనిపించి ఉండవచ్చు.

చర్మం నుంచి రాలిన కెరాటిన్, మూసుకుపోయిన కాలమ్, ఎలుక నమూనాను మనిషి ప్రొటీన్ల జాబితాతో వెతకడం వంటివి ఎప్పుడో ఒకసారి ఎదురవుతాయి. అవి మొత్తం జాబితాను చెడగొడతాయి గాని కొల్లాజెన్‌ను ఒక్కదాన్నే ఏరి దాచవు, కనుక ఈ లక్షణానికి వాటి జోలికి పోనవసరం లేదు.