ఇంటి దగ్గర బండి పని – 6వ పాఠం: ఏబీఎస్ బండికి బ్రేక్ ఆయిల్ మార్చడం

పోయిన పాఠంలో ముందు డిస్కు ప్యాడ్లు మార్చాం. పిస్టన్లను వెనక్కి నెట్టినప్పుడు హ్యాండిల్ మీది కప్పులో ఆయిల్ పైకి లేచింది. దాని రంగు చూశారా? కొత్తది లేత పసుపులో ఉంటుంది. టీ డికాక్షన్ రంగుకు వచ్చిందంటే మార్చే రోజు ఎప్పుడో దాటిపోయినట్టు. రంగు మారకపోయినా రెండేళ్లకోసారి మార్చాల్సిందే. దీన్ని ఎక్కువగా పాడుచేసేది నీళ్లు, అవి కంటికి కనబడవు.

మన బండ్లలో పోసే గ్లైకాల్ రకం ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, రబ్బరు గొట్టాల గుండా కూడా. అందులో డాట్ 4 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్ లోపు మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీళ్లు కలిశాక ఆ హద్దు 155కు దిగుతుంది. రాయచోటి వైపు నుంచి కడపకు గువ్వలచెరువు ఘాట్ దిగుతూ, వెనక మనిషితో, బ్రేకు వదలకుండా పట్టుకుంటే కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) దగ్గర వేడి పేరుకుపోతుంది. నీళ్లు కలిసిన ఆయిల్ అక్కడ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. అందుకే లివర్ హ్యాండిల్‌కు తగిలినా బండి ఆగదు. మన సీమలో ఎండలే ఎక్కువ, తేమ ఎక్కడిది అనే మాట గ్యారేజీల్లో వినబడుతుంది. రెండేళ్లలో రెండు వానాకాలాలు చూసిన బండికి ఆ ధీమా పనికిరాదు.

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి. కాబట్టి ఈ పాఠం చాలామందికి పనికొస్తుంది. మామూలు డిస్కు బండికీ దీనికీ తేడా దారిలోనే ఉంది. లివర్ నొక్కితే ఆయిల్ మాస్టర్ సిలిండర్ (కప్పు కింద ఉండి ఆయిల్‌ను నెట్టే భాగం) నుంచి ఏబీఎస్ పెట్టెకు వెళ్లి, అక్కడి నుంచి కాలిపర్‌కు వస్తుంది. పెట్టెలో చిన్న వాల్వులు, ఒక పంపు ఉంటాయి. తాళం ఆపి ఉన్నప్పుడు ఆ దారి తెరిచే ఉంటుంది కాబట్టి ఆయిల్ మార్చడానికి కంప్యూటర్ అక్కర్లేదు. కానీ కప్పు ఎండిపోయి గాలి పెట్టెలోకి వెళ్లిందా, దాన్ని చేత్తో నొక్కి తీయడం చాలాసార్లు కుదరదు. షోరూమ్‌లో స్కానర్ తగిలించి పంపును తిప్పించాలి. అందుకని ఈ పనిలో గట్టిగా పట్టుకోవాల్సిన నియమం ఒక్కటే: లివర్ నొక్కుతూ ఆయిల్ తీస్తున్నంతసేపూ కప్పులో ఆయిల్ కింది గీత దాటి దిగకూడదు. మిగతా తప్పులు దాదాపు అన్నీ ఇంట్లోనే దిద్దుకోవచ్చు.

కావాల్సినవి: మూత తెరవని డాట్ 4 డబ్బా (ముందు చక్రానికి 250 మిల్లీలీటర్లు చాలు, రెండు చక్రాలకు 500), 8 ఎంఎం రింగు పానా, చేపల తొట్టికి గాలి పెట్టే పారదర్శక గొట్టం ఒక మీటరు, మెడికల్ షాపులో దొరికే 20 మిల్లీలీటర్ల సిరంజి, ఖాళీ సీసా, పాత గుడ్డలు, మగ్గుతో నీళ్లు. ఏ రకం పోయాలో కప్పు మూత మీదే ఉంటుంది. డాట్ 5 అని మాత్రమే రాసినది సిలికాన్, మన ఆయిల్‌తో కలవదు, ఈ బండ్లకు వద్దు. డాట్ 5.1 వేరు, అది గ్లైకాల్ రకమే. ఏడాది కిందట తెరిచి అటక మీద పెట్టిన సగం డబ్బాను మాత్రం వాడకండి, అప్పటికే అది తేమ తాగి ఉంటుంది.

వాన లేని రోజు చూసుకుని బండిని సమంగా ఉన్న నేల మీద, వీలుంటే సెంటర్ స్టాండ్ మీద నిలపండి. కప్పు మట్టంగా ఉండేలా హ్యాండిల్ తిప్పి, ట్యాంకు మీద తడి గుడ్డ పరచండి. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది. చుక్క పడితే తుడుస్తూ కూర్చోకండి, నీళ్లు పోయండి. ఇది నీళ్లలో కలిసిపోతుంది. మూత తెరిచే ముందు చుట్టూ ఉన్న దుమ్ము తుడవండి. మూతకున్న రెండు స్టార్ స్క్రూలు మెత్తనివి. సరిపోయే బిట్టు పెట్టి, పైనుంచి బాగా అదిమి తిప్పకపోతే తల అరిగిపోతుంది, ఆ తర్వాత డ్రిల్లుతోనే పని.

సిరంజితో కప్పులోని పాత ఆయిల్ తీయండి, అడుగున కొద్దిగా ఉంచండి. అడుగున ఉన్న బెజ్జం బయటపడేదాకా లాగకండి. గుడ్డతో అంచులు తుడిచి కొత్తది పై గీత దాకా పోయండి. ఇప్పుడు కాలిపర్ నిపుల్ (ఆయిల్ బయటికి వదలడానికి ఉన్న చిన్న మర) రబ్బరు టోపీ తీసి, ముందు పానా, దాని పైన గొట్టం తొడిగి, గొట్టం రెండో కొసను కొద్దిగా ఆయిల్ పోసిన సీసాలో ముంచండి.

లివర్ మెల్లగా నొక్కి పట్టుకోండి. నిపుల్ పావు తిప్పు వదులు చేయండి. లివర్ లోపలికి వెళ్తుంది. వెళ్లాక నిపుల్ బిగించండి, ఆ తర్వాతే లివర్ వదలండి. ఈ వరస తారుమారైతే నిపుల్ దగ్గర్నుంచి గాలి పీల్చుకుంటుంది. ఒక నొక్కుకు దాదాపు ఒక మిల్లీలీటరు బయటికి వస్తుంది. కాబట్టి ఏడెనిమిది నొక్కులకోసారి కప్పు చూసి నింపండి. దారి పెట్టె చుట్టూ తిరిగి వస్తుంది కనుక గొట్టంలో కొత్త రంగు రావడానికి ఓపిక పట్టాలి. 100 నుంచి 120 మిల్లీలీటర్లు పోయేదాకా ఆపకండి. చేతికి ఇంకో మనిషి ఉంటే పని సులువు, కానీ కప్పు చూసే బాధ్యత ఒక్కరిదే కావాలి.

ఎక్కువ తిరిగిన బండి అయితే లివర్‌కు, హ్యాండిల్‌కు మధ్య చిన్న చెక్క ముక్క పెట్టి నొక్కండి. రోజూ వాడని లోపలి భాగంలో మాస్టర్ సిలిండర్ గోడకు పాచి పేరుకుని ఉంటుంది. పిస్టన్ అక్కడిదాకా వెళ్తే రబ్బరు సీలు కోసుకుపోతుంది. "ఆయిల్ మార్చాకే బ్రేకు పాడైంది" అనే ఫిర్యాదుల్లో కొన్నిటికి అసలు కారణం ఇదే.

నిపుల్ కదలకపోతే బలం చూపకండి. తుప్పు వదిలే ఆయిల్ కొట్టి రాత్రంతా ఉంచి, ఆరు మూలల సాకెట్‌తో ప్రయత్నించండి. తల విరిగితే కాలిపర్ ఖర్చు. బిగించేటప్పుడు కూడా చాలా బండ్లకు 5, 6 న్యూటన్ మీటర్లు చాలు, అంటే రెండు వేళ్ల బలం. కాలిపర్ అల్యూమినియం, మర పోయిందంటే తిరిగి రాదు.

వెనక డిస్కుకూ ఇదే పద్ధతి, లివర్ బదులు పెడల్. సింగిల్ చానల్ (ముందు చక్రానికే ఏబీఎస్ ఉన్న) బండ్లలో వెనక గొట్టం పెట్టెకు వెళ్లదు కాబట్టి తొందరగా అయిపోతుంది. వెనక డ్రమ్ము ఉంటే పనే లేదు.

చివరికి పై గీత దాకా నింపి, మూత కింద ఉండే రబ్బరు పొర మడతలను నొక్కి సర్ది, మూత బిగించండి. నిపుల్, డిస్కు నీళ్లతో కడిగి, బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. ప్యాడ్ల మీద ఆయిల్ పడి ఉంటే కడిగి లాభం లేదు, మార్చాలి. లివర్ గట్టిగా నొక్కి అర నిమిషం పట్టుకోండి. మెత్తగా ఉంటే గాలి మిగిలింది, మళ్లీ నొక్కులు పెట్టాలి. మొదట గట్టిగా ఉండి మెల్లగా జారుతుంటే ముందు నిపుల్, బాంజో బోల్టుల (బ్రేకు గొట్టం కొసలను బిగించే బోల్టులు) దగ్గర కారుతోందేమో చూడండి. పొడిగా ఉంటే మాస్టర్ సిలిండర్ సీలు పోయింది.

తాళం తిప్పి, ఖాళీ స్థలంలో మెల్లగా నడిపి బ్రేకు పరీక్షించండి. బండి కదిలిన కాసేపటికి ఏబీఎస్ దీపం ఆరిపోవాలి. పెట్టెలో మూసి ఉన్న వాల్వుల వెనక కొద్దిగా పాత ఆయిల్ ఉండిపోతుంది. కావాలంటే ఖాళీ మట్టి నేల మీద 25 కిలోమీటర్ల వేగంలో వెనక బ్రేకు తొక్కి, రెండు మూడుసార్లు ఏబీఎస్ పనిచేయించి, ఇంటికొచ్చి ఇంకో 20 మిల్లీలీటర్లు తీయవచ్చు. సింగిల్ చానల్‌కు ఇది వర్తించదు. రెండేళ్లకోసారి తప్పకుండా మార్చేవాళ్లకు ఈ శ్రమ అవసరం లేదనే మా అభిప్రాయం.

పాత ఆయిల్‌ను కాలువలో పోయకండి, ఇంజన్ ఆయిల్ డబ్బాలోనూ కలపకండి. విడిగా సీసాలో పెట్టి గ్యారేజీలో ఇవ్వండి. వచ్చే పాఠం కాలిపర్ స్లైడ్ పిన్నులు. దానికి సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబు తెచ్చి పెట్టుకోండి.