ఏ/టీ టైర్లు: మీ ఎస్‌యూవీకి, పికప్‌కి ఏది సరిపోతుందో పోల్చుకోవడం ఎలా

ఆల్ టెర్రైన్ (ఏ/టీ) టైర్లు, అంటే తారు రోడ్డుకీ మట్టి దారికీ రెండింటికీ పనికొచ్చే టైర్లు కొనబోయేవాళ్లు ముందుగా అడిగేది ‘ఏ కంపెనీవి మంచివి’ అని. అక్కడ మొదలుపెడితే దారి తప్పుతుంది. ఒకే కంపెనీ, ఒకే పేరు మీద, ఒకే డిజైనులో రెండు వేర్వేరు టైర్లు అమ్ముతుంది మరి. యోకోహామా జియోలాండర్ జీ015నే తీసుకోండి. కొన్ని కొలతల్లో అది మామూలు ఎస్‌యూవీ టైరు, ఇంకొన్ని కొలతల్లో ఎల్‌టీ, అంటే లైట్ ట్రక్ టైరు. పైన డిజైను చూస్తే తేడా కనబడదు. లోపలి పొరలు, బరువు, పట్టాల్సిన గాలి అన్నీ వేరు. అందుకే పోలిక ఎప్పుడూ మీ బండికి పట్టే కొలతలో, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద అచ్చేసిన అంకెల దగ్గర మొదలవ్వాలి.

సైడ్‌వాల్ మీద ఏముంది

265/65 ఆర్17 112టీ అని ఉందనుకుందాం. టైరు వెడల్పు 265 మిల్లీమీటర్లు. సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, అంటే సుమారు 172 మిల్లీమీటర్లు. రిమ్ 17 అంగుళాలు. 112 అనేది లోడ్ నంబరు, ఒక్కో టైరు 1,120 కిలోలు మోస్తుందని. 110 అయితే 1,060, 116 అయితే 1,250 కిలోలు. చివరి అక్షరం గంటకు పోగల గరిష్ఠ వేగానిది: క్యూ 160, ఆర్ 170, ఎస్ 180, టీ 190, హెచ్ 210 కిలోమీటర్లు. బండితో వచ్చిన టైరు మీద హెచ్ ఉండి కొత్త ఏ/టీ మీద టీ ఉంటే మన రోడ్ల వేగానికి ఇబ్బంది రాదు. లోడ్ నంబరు మాత్రం పాతదానికంటే ఒక్క అంకె కూడా తగ్గనివ్వకండి. ఏడుగురు ఎక్కి, పైన సామాను కట్టి, మే నెల ఎండలో హైవే పట్టినప్పుడు టైరు పేలేది అక్కడే.

కొలతకు ముందు ఎల్‌టీ అని ఉండి, లోడ్ నంబరు 120/117 లాగ జంటగా ఉంటే అది లైట్ ట్రక్ టైరు. పొరలు ఎక్కువ, సైడ్‌వాల్ మందం, రాయి కోత తట్టుకుంటుంది. దానికి ప్రతిఫలంగా ఒక్కో టైరు చాలాసార్లు 5 కిలోలకు పైగా బరువు పెరుగుతుంది. ఆ బరువు తిరిగే చక్రం మీద ఉంది కాబట్టి బండి వేగం అందుకోవడం, బ్రేకు, మైలేజీ, గుంతల్లో సస్పెన్షన్ కుదుపు నాలుగూ మారతాయి. బీఎఫ్‌గుడ్రిచ్ కేఓ2 లాంటివాటి పేరు విని కొనేసి, తర్వాత బండి మొద్దుబారిందనుకునేవాళ్లు చూడని లెక్క ఇదే. షాపులో తూకం ఉంటే మీ పాత టైరునూ కొత్తదాన్నీ రిమ్ లేకుండా తూయించండి. ఏ ప్రకటనా చెప్పని సంగతి ఆ రెండు అంకెలు చెబుతాయి.

ఎం+ఎస్ అన్న గుర్తును పట్టించుకోనక్కర్లేదు. నేలను తాకే ట్రెడ్ మీది గాళ్ల ఆకారాన్ని బట్టి కంపెనీ తనే వేసుకునే గుర్తది. మూడు శిఖరాల కొండ మధ్యలో మంచు పువ్వు ఉన్న గుర్తు మాత్రం మంచు మీద పరీక్ష పెట్టాక ఇచ్చేది. చలికాలంలో లదాఖ్, స్పితి వెళ్లేవాళ్లకూ, అమెరికాలో మంచు పడే రాష్ట్రాల్లో ఉండే మనవాళ్లకూ అది కావాలి. ఇక్కడే తిరిగే బండికి దాని కోసం రూపాయి ఎక్కువ పెట్టక్కర్లేదు.

తయారీ తేదీ తప్పక చూడండి. సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అని మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 1425 అంటే 2025లో 14వ వారం. 2020 జూన్‌లో కొత్త టైర్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేశాక విదేశీ ఏ/టీలు అన్ని కొలతల్లో సులువుగా దొరకడం తగ్గింది. దొరికినవాటిలో గోదాములో నిలిచిపోయినవీ ఉంటాయి. ఏడాది దాటిన టైరుకు ధర తగ్గించమని అడగండి. మూడేళ్లు దాటితే వదిలేయండి.

మీ నేల ఏది

ఇక్కడ నిజాయితీగా లెక్క వేసుకోవాలి. నెలలో తిరిగే కిలోమీటర్లలో తారు, సిమెంటు రోడ్లు 90 శాతం అయితే మీకు కావలసింది మెత్తని ఏ/టీ. ట్రెడ్ మధ్యలో బ్లాకులు, అంటే గాళ్ల మధ్యనున్న రబ్బరు గడ్డలు, దగ్గరదగ్గరగా, అంచుల్లో మాత్రం కాస్త ఖాళీగా, ప్రతి బ్లాకులో సన్నని చీలికలతో ఉంటుంది. వాన తడిసిన తారు మీద పట్టు ఇచ్చేవి ఆ చీలికలే. వాటి లోతు చూడండి. కొన్నింట్లో చీలిక పైపైనే ఉంటుంది, సగం అరిగేసరికి మాయమైపోతుంది. తర్వాత ఆ టైరు తడి రోడ్డు మీద జారుతుంది. లోతు కొలిచే గేజి దించి చూస్తే చీలిక గాడిలో మూడొంతుల లోతు దాకా ఉండాలి.

ఎర్ర చెల్క, కంకర, పలుగురాళ్ల దారులు ఎక్కువైతే లెక్క మారుతుంది. పలుగురాయి అంచు గాజులా ఉంటుంది. మెత్తటి రబ్బరు బ్లాకుల మూలలు ముక్కలు ముక్కలుగా ఊడిపోతాయి. ఇలాంటి నేలకు బ్లాకులు పెద్దవిగా, వాటి అడుగు పైభాగం కంటే వెడల్పుగా, గాడి అడుగున రాళ్లను బయటికి నెట్టే చిన్న చిన్న దిమ్మెలతో ఉన్న టైరు మేలు. ఆ దిమ్మెలు లేకపోతే గాడిలో ఇరుక్కున్న రాయి రోజూ కొంచెం కొంచెంగా లోపలికి తొలుచుకుంటూ ట్రెడ్ కింద ఇనుప తీగలతో అల్లిన బెల్టు దాకా పోతుంది. నీళ్లు చేరి ఇనుప తీగలు తుప్పు పడతాయి. పంక్చర్ కనబడని టైరు మెల్లగా గాలి దిగడానికి ఇదొక కారణం. మారేడుమిల్లి, పాడేరు వైపు అడవి దారుల్లో తరచూ తిరిగేవాళ్లకు ఎల్‌టీ బరువు మోయడంలో అర్థముంది. అక్కడ దెబ్బ ట్రెడ్‌కంటే సైడ్‌వాల్‌కే ఎక్కువ తగులుతుంది.

నల్లరేగడి సంగతి విడిగా చెప్పాలి. తడిసిన రేగడిలో మొదటి పది గజాలు ఏ/టీ టైరు బాగానే పడుతుంది. ఆ తర్వాత మట్టి గాళ్లలోకి ఎక్కి కూరుకుంటుంది. ఇంకో పది గజాలకి బ్లాకులు కనబడవు, టైరంతా నున్నటి మట్టి ముద్ద. అప్పుడు మీది పాతిక వేల టైరైనా బోడి టైరైనా ఒకటే. మట్టిని విసిరేయాలంటే చక్రం కొంత వేగంగా తిరగాలి, గాళ్లు వెడల్పుగా ఉండాలి. రెండో గేరులో ఆగకుండా, స్టీరింగ్ అటూ ఇటూ కొద్దికొద్దిగా కదుపుతూ పోతే అంచు బ్లాకులు కొత్త మట్టిని కరుస్తాయి. ఆగితే దిగబడ్డట్టే. రేగడి పొలాల దారిలో వానాకాలం రోజూ తిరగాల్సిన బండికి ఏ/టీ చాలదు, బురదకోసమే చేసిన మడ్ టెర్రైన్ టైరు వేసుకోవాలి. లేదంటే రెండు రోజులు ఆరనివ్వాలి. ఏ కంపెనీ ఏ/టీ అయినా ఈ మాట మారదు.

రేగడిలోంచి బయటపడ్డాక 80 వేగంలో స్టీరింగ్ వణికితే బ్యాలెన్సింగ్ షాపుకి పరుగెత్తకండి. రిమ్ లోపలి వైపు మట్టి పెళ్ల ఎండి అంటుకుని ఉంటుంది. నీళ్ల పైపు పెట్టి లోపలి వైపు కడిగితే చాలావరకు పోతుంది.

సరుకు మోసే పికప్‌లకు ఒక హెచ్చరిక. టన్నుకు పైగా లోడుతో రోజూ తిరిగే బండికి ఎస్‌యూవీ ఏ/టీ వేయడం ప్రమాదం. బండితో వచ్చిన టైరు ఎంత ఎక్కువ గాలితో ఎంత బరువు మోస్తుందో ఆ టైరు మీదే ఉంటుంది. దానికి సమానమైన ఎల్‌టీ దొరికితేనే మార్చండి.

కొలత పెంచాలంటే

ఈ లెక్క కాగితం మీద మీరే వేసుకోవచ్చు. వెడల్పును శాతంతో గుణించి, రెండింతలు చేసి, రిమ్ అంగుళాలను 25.4తో గుణించి కలపండి. టైరు మొత్తం ఎత్తు వస్తుంది.

స్కార్పియో-ఎన్ పై వేరియంట్లకు వచ్చే 255/60 ఆర్18 ఎత్తు 763 మిల్లీమీటర్లు. 265/60 ఆర్18 వేస్తే 775, అంటే 1.6 శాతం ఎక్కువ. థార్ పై వేరియంట్లకు వచ్చే 255/65 ఆర్18 వేస్తే 789, అంటే 3.3 శాతం ఎక్కువ. స్పీడోమీటరు ఇదివరకు చూపించిన 100 దగ్గరే బండి ఇప్పుడు 3 కిలోమీటర్లకు పైగా ఎక్కువ వేగంతో పోతుంటుంది. నేల నుంచి బండి లేచేది ఎత్తు తేడాలో సగమే, 13 మిల్లీమీటర్లు. అందుకోసం గేరింగు బరువెక్కడం, ఫుల్ లాక్ తిప్పినప్పుడు మడ్‌గార్డు లైనర్‌కు రాసుకోవడం, స్టెప్నీ చోట పట్టకపోవడం భరించాలా అన్నది ఆలోచించుకోండి. 3 శాతం దాటకుండా ఉండటం మేలు. పెంచితే ఐదు టైర్లూ పెంచాలి. ఫోర్ బై ఫోర్ బండిలో ముందు వెనక ఎత్తు తేడా ఉంటే ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద భారం పడుతుంది.

ఎత్తు పెంచకుండా లాభపడే మార్గం ఇంకొకటుంది. ఫార్చ్యూనర్, హైలక్స్ పై వేరియంట్లకు వచ్చే 265/60 ఆర్18 ఎత్తు 775. కింది వేరియంట్ల 265/65 ఆర్17 ఎత్తు 776. రెండూ దాదాపు ఒకటే. 18 నుంచి 17 అంగుళాల రిమ్‌కి దిగితే సైడ్‌వాల్ 13 మిల్లీమీటర్లు పెరుగుతుంది, స్పీడోమీటరు మారదు. గుంతలో పడినప్పుడు రిమ్ వంగడం, సైడ్‌వాల్ బుడగ కట్టడం తగ్గుతాయి. ఘాట్ రోడ్లు, పాడైన రోడ్లు ఎక్కువగా తిరిగేవాళ్లకు పెద్ద టైర్లకంటే ఈ మార్పు ఎంతో మేలు చేస్తుంది. రిమ్ కొనేముందు ఒకటి బిగించి బ్రేకు క్యాలిపర్‌కు తగలడం లేదని తిప్పి చూసుకోండి.

బిగించే రోజు

కొత్త వాల్వులు వేయించండి. టైరు మీద పసుపు చుక్క ఉంటే అది తేలికైన చోటు, వాల్వు దగ్గరికి రావాలి. అలా చేస్తే బ్యాలెన్సింగ్ బరువులు తక్కువ పడతాయి. నట్లు గన్నుతో బిగించి వదిలేస్తే ఒప్పుకోకండి. చివరి బిగింపు, ఎంత బిగువో కొలిచే టార్క్ రెంచితో, మాన్యువల్లో ఉన్న అంకెకు చేయించండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూడాలి. అలైన్‌మెంట్ అదే రోజు చేయించండి. లేకపోతే ఏ/టీ బ్లాకులు ఒక అంచున రంపంలా అరిగి, ఆ తర్వాత ఏం చేసినా పోని రొద మొదలవుతుంది.

గాలి

డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీదున్న గాలి బండితో వచ్చిన టైరుకు రాసింది. మామూలు ఏ/టీకి అదే పెట్టండి. ఎల్‌టీ వేస్తే అదే బరువు మోయడానికి ఎక్కువ గాలి కావాలి. 5 నుంచి 8 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెంచి మొదలుపెట్టి, సుద్దముక్కతో సరిచూడండి. ట్రెడ్ అడ్డంగా అంచు నుంచి అంచు దాకా గీత గీసి, చదునైన తారు మీద వంద మీటర్లు తిన్నగా పోనివ్వండి. మధ్యలో చెరిగి అంచుల్లో మిగిలితే గాలి ఎక్కువ. అంచుల్లో చెరిగి మధ్యలో మిగిలితే తక్కువ. గీత అంతటా ఒకేలా చెరిగితే సరిపోయినట్టే.

ఇంకో పరీక్ష హైవే మీద. పొద్దున్నే చల్లటి టైరులో కొలవండి, గంట ప్రయాణం తర్వాత మళ్లీ కొలవండి. 4 పీఎస్ఐ పెరిగితే బాగుంది. 6 దాటితే టైరు ఎక్కువ వంగి వేడెక్కుతోంది, మొదట పెట్టిన గాలి తక్కువైంది లేదా బరువు ఎక్కువైంది. వేడి టైరులోంచి గాలి తీసేయడం చాలామంది చేసే పని. అలా చేస్తే టైరు ఇంకా వంగి ఇంకా వేడెక్కుతుంది. బయటి వేడి 10 డిగ్రీలు మారితే సుమారు ఒకటిన్నర పీఎస్ఐ మారుతుంది. డిసెంబరులో ఆదిలాబాద్ చలిలో పెట్టిన గాలిని మే నెలలో అలాగే వదిలేయకూడదు.

ఇసుకలో 16 నుంచి 18 దాకా దించవచ్చు, రాళ్ల దారిలో 22 నుంచి 25. 15 కంటే కిందికి వెళితే మలుపులో టైరు రిమ్ నుంచి ఊడే ప్రమాదముంది. గాలి దించిన టైరుతో 40 వేగం దాటకండి. తిరిగి నింపుకునే కంప్రెసరు బండిలో లేకపోతే అసలు దించకండి.

అరుగుదల, మరమ్మతు

8,000 నుంచి 10,000 కిలోమీటర్లకు ఒకసారి టైర్ల చోట్లు మార్చి వేయండి, స్టెప్నీని కూడా ఆ వరసలో కలిపి. అలా చేస్తే ఐదూ ఒకేలా అరుగుతాయి, ఒకటి పోయినప్పుడు ఎత్తు తేడా రాదు. టైరులో ఉన్న అరుగుదల గుర్తు 1.6 మిల్లీమీటర్ల దగ్గర తేలుతుంది గానీ, తడి తారు మీద 3 దగ్గరే పట్టు బాగా తగ్గుతుంది, బురదలో 5 దగ్గరే. మట్టి దారికోసం కొన్నవాళ్లు 5కి రాగానే కొత్తవి చూసుకోవాలి.

ట్రెడ్ మధ్య భాగంలో మేకు దిగితే దారిలో బయటి నుంచి రబ్బరు ప్లగ్ పెట్టి ఇంటికి చేరండి. తర్వాత టైరు విప్పించి లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారంలో ఉండే మష్రూమ్ ప్యాచ్ వేయించండి. ఏ/టీ లోతైన గాళ్లలో ప్లగ్ ఒక్కటే ఎక్కువ రోజులు నిలవదు. అంచు బ్లాకుల్లో, సైడ్‌వాల్‌లో పడిన రంధ్రానికి మరమ్మతు లేదు, షాపువాడు చేస్తానన్నా ఒప్పుకోకండి. సైడ్‌వాల్ మీద బుడగ కనిపిస్తే లోపల దారాలు తెగాయని అర్థం. ఆ టైరును వెంటనే తీసి స్టెప్నీ వేసుకోవాలి, దాన్ని తిరిగి స్టెప్నీగానైనా పెట్టకూడదు.