పాత మిడ్‌ఫీల్డర్‌కి సంస్మరణ మ్యాచ్: గోల్స్ లెక్కలో లేని ఆటను గుర్తుచేసుకోవడం ఎలా

స్ట్రైకర్ సంస్మరణ సులువు. ఎవరి మీద ఎన్ని గోల్స్ కొట్టాడో బోర్డు మీద రాస్తే సగం పని అయిపోతుంది. మిడ్‌ఫీల్డర్‌కి అలా కుదరదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాని 4-2తో ఓడించిన మ్యాచ్ అనగానే నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ గుర్తొస్తుంది. ఆ ఒలింపిక్స్ జట్టులో హాఫ్‌గా (మిడ్‌ఫీల్డర్‌కి అప్పటి పేరు) హైదరాబాద్ సిటీ పోలీస్ ఆటగాడు నూర్ మహ్మద్ ఉన్న సంగతి మాత్రం హైదరాబాద్‌లోనే చాలామందికి తెలియదు. ఇక బస్తీ క్లబ్బులో ఆడిన హాఫ్ సంగతి చెప్పక్కర్లేదు. అందుకే మ్యాచ్‌కి కనీసం రెండు నెలల ముందు, మైదానంలో కాదు, పాత కాగితాల దగ్గర మొదలుపెట్టాలి.

పాత వార్తలు, పాత పేర్లు

1950, 60ల పేపర్లలో ‘మిడ్‌ఫీల్డర్’ అని వెతికితే ఏమీ దొరకదు. రైట్ హాఫ్, లెఫ్ట్ హాఫ్, ఇన్‌సైడ్ రైట్, ఇన్‌సైడ్ లెఫ్ట్ అని చూడాలి. ‘సెంటర్ హాఫ్’ దగ్గర జాగ్రత్త: ముగ్గురు బ్యాక్‌లతో ఆడే జట్టులో అతను నిజానికి స్టాపర్, అంటే డిఫెండర్. జెర్సీ నంబర్ నమ్మొద్దు. అప్పట్లో 1 నుంచి 11 దాకా నంబర్లు స్థానాన్ని బట్టి ఇచ్చేవారు, కాబట్టి ఒకే మనిషి ఒక మ్యాచ్‌లో 4, ఇంకో మ్యాచ్‌లో 6 వేసుకుని ఉండొచ్చు.

జట్ల పేర్లూ మారాయి. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ తర్వాతి వార్తల్లో ఆంధ్రా పోలీస్‌గా కనిపిస్తుంది. రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57, 1957-58లలో గెలిచింది హైదరాబాద్ పేరుతో, 1965-66లో గెలిచింది ఆంధ్రప్రదేశ్ పేరుతో. లాల్ బహదూర్ స్టేడియం మ్యాచ్‌లకి ఫతే మైదాన్ అని కూడా వెతకండి.

ఫొటోలో కాళ్లకి బూట్లు లేకపోతే 1952కి ముందుదని తేల్చేయొద్దు. ఆ ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత్ యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాక పెద్ద పోటీల్లో బూట్లు తప్పనిసరి అయ్యాయి. గల్లీ మ్యాచ్‌లు మాత్రం ఆ తర్వాతా చాలాకాలం ఉత్తకాళ్లతోనే సాగాయి.

ఒకే పేరు ఇద్దరు ముగ్గురికి ఉండటం హైదరాబాద్ ఫుట్‌బాల్‌లో మామూలే. ప్రతి వార్త పక్కన ఏడాది, జట్టు, స్థానం మూడూ రాసుకోండి. మూడింట్లో రెండు కుదరకపోతే ఆ వార్త బోర్డెక్కకూడదు. పొరపాటున ఇంకొకరి ఘనత ఎక్కితే, సభలో పెద్దవాళ్లు చివరిదాకా దాని గురించే మాట్లాడుకుంటారు.

తోటి ఆటగాళ్ల చేత మైదానం గీయించడం

అన్నింటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది దీనికే. “ఎలా ఆడేవాడు భాయ్?” అని అడిగితే “చాలా బాగా” అంటారు, అక్కడితో అయిపోతుంది. ఏ3 కాగితం మీద మైదానం గీసి ముందు పెట్టండి. 1 సెంటీమీటరుకి 3 మీటర్ల లెక్కన 105 × 68 మీటర్ల మైదానం 35 × 22.7 సెం.మీ. అవుతుంది. పెనాల్టీ ఏరియా 13.4 × 5.5 సెం.మీ., సెంటర్ సర్కిల్ వ్యాసార్ధం 3 సెం.మీ. ఒక్కొక్కరికి విడి కాగితం, విడి సమయం ఇవ్వండి. అందరినీ ఒకేచోట కూర్చోబెడితే గొంతు పెద్దదైనవాడి జ్ఞాపకమే అందరి జ్ఞాపకం అవుతుంది.

అడగాల్సినవి చిన్న ప్రశ్నలు. బంతి అందుకునేటప్పుడు గోల్‌పోస్టుకి వీపు పెట్టేవాడా, పక్కకి తిరిగి ఉండేవాడా? ఏ కాలు? బంతి పోయాక వెంటపడేవాడా, వెనక్కొచ్చి ఖాళీ మూసేవాడా? త్రో-ఇన్ అప్పుడు ఎక్కడ నిలబడేవాడు? నీలం పెన్సిల్‌తో అతను బంతి అందుకునే చోట్లు, ఎరుపుతో పాసులు వెళ్లే దిశలు గీయించండి. తర్వాత కాగితాలన్నీ ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి చూస్తే, గీతలు ఒత్తుగా పడిన చోటే అతని అసలు స్థానం. బోర్డు మధ్యలో ఉండాల్సింది ఆ పటమే. ఫొటోలు దాని చుట్టూ.

మాట్లాడేది ఫోన్‌లో రికార్డు చేసేటప్పుడు ఫ్యాన్ ఆపండి. ఫోన్‌ని బల్ల మీద కాకుండా మడిచిన తువ్వాలు మీద పెట్టండి, లేకపోతే కప్పు పెట్టిన ప్రతిసారీ ఆ చప్పుడే పెద్దగా వినిపిస్తుంది.

ఫొటోలు

పోస్టుకార్డు సైజువి 600 డీపీఐలో, పాస్‌పోర్టు సైజువి 1200లో స్కాన్ చేయించండి. ఫ్రేము అద్దానికి అతుక్కున్న ఫొటోని పీకొద్దు, పై పొర అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా, ఫ్లాష్ లేకుండా, కిటికీ పక్క నీడలో ఫోన్‌తో తీయండి. లామినేషన్ అసలు వద్దు. వాట్సాప్‌లో పంపేవాళ్లని డాక్యుమెంట్‌గా పంపమనండి, మామూలుగా పంపితే సైజు తగ్గిపోయి బ్యానర్ మీద మొహాలు అలుక్కుపోతాయి. పేర్లు వెనకవైపు మెత్తటి పెన్సిల్‌తోనే రాయాలి. బాల్‌పెన్ ఒత్తిడి ముందువైపుకి తేలుతుంది.

ఇంటివాళ్లు, తేదీ

అన్నీ సిద్ధం చేసుకుని చివర్లో పిలుపు ఇవ్వడం కాదు, మొదట్లోనే ఇంటివాళ్ల అనుమతి తీసుకోవాలి. ఫొటోకి దండ వేసి దీపం వెలిగించే పద్ధతి అన్ని ఇళ్లవాళ్లకీ సరిపడదు. ముస్లిం కుటుంబమైతే ముందే అడగండి, వేదిక మీద ఇబ్బంది పెట్టకండి.

వర్ధంతి రోజునే జరపాలన్న పట్టుదల వద్దు. భారత జట్టు కోచ్ రహీమ్ సాబ్ పోయింది జూన్ 11న (1963), హైదరాబాద్ ఆటగాడు మహ్మద్ హబీబ్ పోయింది ఆగస్టు 15న (2023). రెండూ వానల రోజులు, పైగా ఆగస్టు 15 ఉదయం మైదానాలు జెండా పండగకి పోతాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య ఆదివారం ఉదయం మేలు. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది, క్యాలెండర్ చూసుకోండి. శుక్రవారం మధ్యాహ్నం పెట్టొద్దు.

మైదానం, మ్యాచ్

వెటరన్లకి పదకొండు మందితో పూర్తి మైదానం వద్దు. 60 × 40 మీటర్లలో ఏడుగురేసి, సగానికి 20 నిమిషాలు, జట్టుకి పదిమంది, ఎప్పుడంటే అప్పుడు మార్చుకునే వీలు. స్లైడింగ్ ట్యాకిల్ నిషేధం. పదిహేను నిమిషాల వార్మప్ తప్పనిసరి, యాభై దాటినవాళ్లకి తొడ వెనక కండరం పట్టేసేది మొదటి పరుగులోనే. గుండె జబ్బు ఉన్నవాళ్లకి కిక్-ఆఫ్ గౌరవం ఇచ్చి కూర్చోబెట్టండి, మొహమాటపడొద్దు. 108 అంబులెన్స్ లోపలికి రావడానికి ఏ గేటు తెరిచి ఉంటుందో ముందే చూసి, తాళం ఒకరి జేబులో ఉంచండి.

గీతలకి సున్నం వాడే అలవాటు ఇంకా ఉంది. అది కంట్లో పడితే కాలుతుంది, చెమట తగిలిన చర్మం మీద పొక్కుతుంది. ముగ్గు పిండో, సుద్ద పొడో చాలు. కదిలే గోల్‌పోస్టులని వెనక కడ్డీ మీద ఇసుక బస్తాలతో బిగించాలి. పిల్లలు క్రాస్‌బార్ పట్టుకుని వేలాడితే పోస్టు ముందుకి పడుతుంది, దాని కింద పడి ప్రాణాలు పోయిన సంఘటనలున్నాయి. 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు, ఐస్ పెట్టె, క్రేప్ బ్యాండేజీలు నాలుగు, బంతులు నాలుగు.

నల్ల బ్యాండ్లకి పిన్నీసులు పెట్టొద్దు, ఆటలో గుచ్చుకుంటాయి. 5 సెం.మీ. వెడల్పు బట్ట టేపు చొక్కా చేతి మీదే చుట్టండి. మౌనం పాటించేటప్పుడు మొదలుకీ ముగింపుకీ రిఫరీ విజిలే గుర్తని మైకులో ముందే చెప్పాలి, ఆ తర్వాత మైకు ఆపేయాలి. చెప్పకపోతే అర నిమిషానికే ఎవరో చప్పట్లు మొదలుపెడతారు.

అతని పేరు మీద బహుమతి

మిడ్‌ఫీల్డర్ పేరు మీద టాప్ స్కోరర్ కప్పు ఇస్తే అతని ఆటని మనమే మర్చిపోయినట్టు. వెటరన్ల ఆటతో పాటు పిల్లల మ్యాచ్ కూడా పెడితే, అందులో జట్టుకొకరు చొప్పున ఇద్దరు లెక్కరాసేవాళ్లని పెట్టండి. బంతి గెలిచి వెంటనే సొంత జట్టువాడికి అందిస్తే ఒక పాయింటు. గోల్‌పోస్టు వైపు షాట్‌కి ముందరి పాసుకి రెండు, దానికి ముందరి పాసుకి కూడా రెండు. ఈ చివరిదాన్ని రాయడం కష్టం, ఎందుకంటే షాట్ పడ్డాక కళ్లు దాన్నే చూస్తాయి. అందుకని లెక్కరాసేవాడు ప్రతి పాసుకీ ఇచ్చినవాడి నంబర్ వేస్తూ పోవాలి, షాట్ పడ్డాక వెనక్కి రెండు నంబర్లు చుట్టాలి. నంబర్లు ఛాతీ మీద కూడా ఉన్న బిబ్బులైతే (చొక్కా మీద వేసుకునే చేతుల్లేని బనీన్లు) పని తేలిక.

మ్యాచ్ అయ్యాక గీసిన పటాలు, రికార్డింగులు, స్కాన్‌లు వారంలోపు పెన్‌డ్రైవ్‌లో ఇంటివాళ్లకి ఒకటి, క్లబ్బుకి ఒకటి ఇవ్వండి. అసలు ఫొటోలు తెచ్చిన రోజే రసీదు రాసి ఉంటే, ఎవరివి వాళ్లకి తిప్పి ఇవ్వడంలో తగాదా రాదు.